ఫ్రెంచి కారుకి నైవేద్యం

మేము కారు కొన్నామని చెబితే సింగపూర్‌లో మా తెలుగువాళ్ళెవరూ వెంటనే సంతోషించలేదు. ముందు "ఏ కారు?" అని అడిగారు. ఫ్రెంచి వాళ్ళ చిన్న కారు అనగానే ఎవరో పోయారన్నట్టు ముఖాలు పెట్టారు. అందరివీ జపాన్ బళ్ళు, కాదంటే కొరియా బళ్ళు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "స్పేర్ పార్టులు దొరుకుతాయా, పాపం?" అంది. ఆ పాపం నాకో, కారుకో తెలియలేదు. మా ఆయన మాత్రం వెనక్కి తగ్గలేదు. "మా కాకినాడ వాళ్ళకి ఫ్రెంచి సరుకు కొత్తేమీ కాదండీ. పక్కనే యానాం. అక్కణ్ణుంచి తెచ్చుకున్న సీసా ఏదీ ఇంతవరకూ మమ్మల్ని మోసం చెయ్యలేదు" అన్నాడు. నేను కాలు తొక్కాను. అప్పటికే అనేశాడు.

నిజానికి ఈ ఊళ్ళో కారు లేకపోతే కొంపలేం మునగవు. సెరంగూన్‌లో ఇల్లు, సైన్స్ పార్క్‌లో ఆఫీసు, మధ్యలో రైలు. పదిహేనేళ్ళు హాయిగా అలాగే తిరిగాను. కారు కొన్నది అవసరానికి కాదు, మా బ్లాకులో మూడో అంతస్తు చైనీస్ అంకుల్ వల్ల. ఆయన స్కూలు టీచరుగా రిటైరైన మనిషి. చూపు తగ్గిందని డాక్టరు బండి నడపొద్దన్నాడు. ఇక్కడ కారుకి పదేళ్ళే ఆయుష్షు. ఆపైన ఉంచుకోవాలంటే మళ్ళీ సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆయన అలా ఒకసారి తీసుకున్నారు, ఇంకా నాలుగేళ్ళు మిగిలి ఉంది. కానీ పాత బండి, పైగా ఫ్రెంచిది, ఆపైన గేర్లది. ఎవరు కొంటారు? ఇక తుక్కు చేసేయడమే అనుకుంటున్న రోజుల్లో లిఫ్టులో నన్ను పట్టుకుని గేరు బండి నడపడం వచ్చా అని అడిగారు.

వచ్చు. ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేర్చుకున్నాను, ఆ లైసెన్సునే ఇక్కడికి మార్పించుకున్నాను. మా ఆయన ఇక్కడికొచ్చాక నేర్చుకున్నాడు, అదీ ఆటోమేటిక్ మాత్రమే. అంటే ఈ కారు కొంటే నడిపేది నేను, పక్కన కూర్చుని సీటుబెల్టు సర్దుకునేది ఆయన. ఆ లెక్క తట్టగానే నేను కారు చూడకుండానే సగం ఒప్పేసుకున్నాను.

తాళాలతో పాటు అంకుల్ ఒక నీలం అట్ట నోటుబుక్కు ఇచ్చారు. కారు చరిత్రంతా అందులోనే ఉంది. మొదట కొన్నది ఒక ఫ్రెంచావిడ, పిల్లలకి పియానో నేర్పేదట. ఆవిడ గుండ్రటి రాత నాలుగు పేజీలు. తన దేశం వెళ్ళిపోతూ కారుని అంకుల్‌కిచ్చింది. అక్కడి నుంచి అంకుల్ రాత. టైర్లు మార్చిన రోజు, బ్యాటరీ మార్చిన రోజు, వంతెన దాటి మలేషియా వెళ్ళి పనసలాంటి డురియన్ పళ్ళు తెచ్చిన రోజు, ఆ వాసన పోవడానికి పట్టిన రోజులు. వాళ్ళ దేశంలో ఇది గొప్పవాళ్ళ బండి కాదని ఆవిడే ఆయనకి చెప్పిందట. పోస్టు పంచేవాళ్ళు, రొట్టెలు అమ్మేవాళ్ళు, కొత్తగా పెళ్ళైన జంటలు కొనుక్కునేది. లోపల ఆర్భాటం ఏమీ లేదు. వెనక తలుపు పైకెత్తితే మాత్రం చిన్న కాపురం పడుతుంది. నేను బియ్యం బస్తాలు వేశాను, మా అమ్మాయి సైకిలు వేశాను, ఒకసారి వినాయకుణ్ణి కూడా కూర్చోబెట్టి తీసుకొచ్చాను.

ఇక మా తమ్ముడి సంగతి. సొంత తమ్ముడు కాదు. ఒక ఆదివారం లిటిల్ ఇండియాలో కూరగాయలు కొని వచ్చేసరికి కారు స్టార్ట్ కాలేదు. నేను తాళం తిప్పుతున్నాను, మా ఆయన "ఇంకోసారి తిప్పు" అంటున్నాడు, వెనక మూడు బళ్ళు ఆగి ఉన్నాయి. ఒకతను చేతిలో ఉన్న టీ గ్లాసు గోడ మీద పెట్టి దగ్గరికొచ్చాడు. "ఏందక్కా, తెలుగోళ్ళేనా? బానెట్ తియ్యండి" అన్నాడు. బ్యాటరీ దగ్గర ఏదో బిగించాడు. "ఇప్పుడు కొట్టండి" అన్నాడు. స్టార్టయింది.

అతనిది అద్దంకి వైపు. తువాస్‌లో ఓడలు బాగుచేసే యార్డులో ఫిట్టరు. పొద్దున లారీ ఎక్కించుకుపోతారు, సాయంత్రం లారీలోనే డార్మిటరీలో దింపుతారు. ఊళ్ళో ఉన్నప్పుడు పదేళ్ళు హైవే పక్కన మెకానిక్ షెడ్డులో పనిచేశాడు. ఇక్కడ ఓడ తప్ప బండి ముట్టుకునే వీల్లేక చేతులు దురదపెడుతున్నాయన్నాడు. అప్పట్నుంచి నెలకో ఆదివారం మా ఇంటికొచ్చి, బానెట్ తీసి, ఒక గంట దానితో కబుర్లు చెప్పి వెళ్ళేవాడు. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాడు బయట పనికి కూలి తీసుకోకూడదు, అతను తీసుకునేవాడూ కాదు. అన్నం మాత్రం తినేవాడు. గోంగూర పప్పు చేస్తే మూడోసారి కూడా వద్దనేవాడు కాదు.

తినేటప్పుడు ఎప్పుడూ ఒకటే మాట. అతని కాంట్రాక్టు జనవరితో అయిపోతుంది. వెళ్ళిపోయి సొంత షెడ్డు పెట్టుకుంటాడు. వాళ్ళావిడ హైవే పక్కన, టీ కొట్టుని ఆనుకుని ఉన్న రేకుల షెడ్డు మాట్లాడి ఉంచింది. ఆ షెడ్డు ఫోటో ఫోనులో ఎన్నిసార్లు చూపించాడో. ఖాళీ షెడ్డు, లోపల ఒక మేక పడుకుని ఉంది. మేకని పంపించేస్తామని ప్రతిసారీ చెప్పేవాడు. మా స్నేహితుల్లో కూడా ఇద్దరు ముగ్గురు తమ బళ్ళు చూడమని అడగడం మొదలుపెట్టారు. జపాన్ బళ్ళు. నాకు లోపల ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

పోయిన దసరాకి ముందు ఆదివారం వచ్చి ప్లగ్గులు మార్చాడు. నాలుగు రోజుల తరవాత పండగ. మనకి దసరాకి బండికి పూజ చెయ్యకపోతే ఎలా? మా కారు పార్కింగ్ బిల్డింగ్‌లో నాలుగో అంతస్తులో ఉంటుంది. పసుపు, కుంకుమ, పూలు, టైర్ల కింద నిమ్మకాయలు, అన్నీ పట్టుకెళ్ళాను. కొబ్బరికాయ కొడితే చుట్టుపక్కలవాళ్ళు హడలిపోతారని మానేశాను. అగరొత్తులు గుచ్చడానికి అరటిపండు తీసుకెళ్ళాను. బానెట్ మీద పెడితే గాలికి నిలవడం లేదు. అసలు పని చేసేది ఇంజను కదా, పూజ దానికి కాక రేకుకి చేస్తే ఏం లాభం అనిపించింది. బానెట్ తీసి, బ్యాటరీ పక్కన చిన్న గట్టులాంటి చోట అరటిపండు నిలబెట్టాను. అగరొత్తులు పుల్లల దాకా కాలి ఆరిపోయాయి. ఈలోగా పక్క బండాయన వచ్చి, తన కారు తీసుకోవాలని మర్యాదగా నిలబడ్డాడు. మా ఆయనేమో రాహుకాలం వచ్చేస్తోంది, రాహుకాలం వచ్చేస్తోంది అని ప్రాణం తీస్తున్నాడు. బానెట్ ధడేలున మూసి, నిమ్మకాయల మీంచి పోనిచ్చి, ఒక చుట్టు తిరిగొచ్చాం. అరటిపండు సంగతి ఇద్దరికీ గుర్తులేదు.

మూడో రోజు వెనక సీట్లోంచి మా అమ్మాయి, "అమ్మా, కార్ స్మెల్స్ లైక్ బనానా కేక్ లా" అంది, ఇక్కడివాళ్ళలాగే మాట చివర ఆ 'లా' తగిలించి. పక్కింట్లో ఎవరో కేకు చేసుంటారులే అన్నాను. నడుస్తున్న కార్లోకి పక్కింటి కేకు వాసన ఎలా వస్తుందని నాకు తట్టలేదు. తట్టకపోవడం ఒక ఎత్తు. నేను చేసే ఉద్యోగం సాఫ్ట్‌వేర్లో తప్పులు పట్టుకోవడం, అది ఇంకో ఎత్తు. రోజంతా ఇంకొకళ్ళ పనిలో లోపం ఎక్కడ మొదలైందో తవ్వి తీసి, వాళ్ళ పేరు పక్కన రాయడమే నా పని. అందులో నాకు మంచి పేరుంది.

పది రోజులకి కారు జబ్బుపడింది. ఇంజను మిస్సింగ్ కొట్టడం, డ్యాష్‌బోర్డు మీద నారింజ రంగు దీపం వెలగడం. వాన పడిన రోజు మరీ ఎక్కువ. ఎక్స్‌ప్రెస్‌వే మీద లారీల మధ్య వెక్కిళ్ళు పెడుతూ వెళుతుంటే నాకు చెమటలు పట్టాయి. ఇంటికొచ్చి నా అలవాటు ప్రకారం విచారణ మొదలుపెట్టాను. చివరిసారి ఇంజనులో చెయ్యి పెట్టిందెవరు? అంతే, కేసు తేలిపోయింది. ఫోను చేసి, "తెలిసీ తెలియకుండా ఎందుకు చెయ్యి పెట్టావు? మీ ఊరి లారీ అనుకున్నావా ఇది?" అన్నాను. అన్నాను, ఇప్పుడు దాచుకోవడం ఎందుకు. అతను, "నేనొచ్చి చూడనా అక్కా?" అన్నాడు.

"వద్దు. ఉన్నది చాలు."

"సరే అక్కా" అని పెట్టేశాడు.

అక్కడితో ఊరుకోవచ్చుగా? మా స్నేహితుల గ్రూపులో కూడా రాశాను, మంచి చేస్తున్నాననుకుని. మా బండి పాడైంది, మీరు కూడా అతని చేత చేయించే ముందు ఆలోచించుకోండి అని. ఆలోచించుకుంటామని అందరూ బొటనవేళ్ళు పెట్టారు. అతను మళ్ళీ మా ఇంటికి రాలేదు.

తరవాత మూడు నెలలు ఒక పెద్ద వర్క్‌షాపు చుట్టూ తిరిగాను. వాళ్ళు కాయిల్ మార్చారు, సెన్సర్ మార్చారు. ఎండ కాసినన్నాళ్ళు బాగుండేది, వాన పడగానే మళ్ళీ వెక్కిళ్ళు. జనవరిలో ఒక ఆదివారం లిటిల్ ఇండియా కిరాణాకొట్లో అతని రూమ్మేటు కనిపించాడు. పలకరించి, మీవాడు ఊరికెప్పుడు వెళుతున్నాడని అడిగాను.

"పోవటంలా అక్కా. రేపు గాక ఆపై సోమవారం ఇంకో రెండేళ్ళకి సంతకం పెడతన్నాడు."

"మరి షెడ్డు?"

"వదిలెయ్యమని వదినకి చెప్పాడంట. నా చెయ్యి మంచిగా లేదు, జనం బండ్లు నా చేతిలో పెడితే ఏం చేస్తానో అంటన్నాడు. బండి బాగుచెయ్యమని ఎవరన్నా అడిగినా ముట్టుకోవటంలా."

చేతిలో ఉన్న కందిపప్పు ప్యాకెట్టు మళ్ళీ అరలో పెట్టేశాను. మనసు చివుక్కుమంది. అయినా నా అహం ఎక్కడికి పోతుంది? కారు పాడుచేసిన మాట నిజమే కదా, నేను అబద్ధం చెప్పలేదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పదేళ్ళు దాటిన బండిని ఇక్కడ ఏటా తనిఖీకి తీసుకెళ్ళాలి. ఆ దీపం వెలుగుతుంటే పాస్ చెయ్యరు. మూడో అంతస్తు అంకుల్ జాలిపడి, తన పాత మెకానిక్ దగ్గరికి వెళ్ళమన్నారు. ఆ శనివారం పొద్దున్నే వెళ్ళాం. ఆయన కూడా పెద్దాయనే. బనీను, చెప్పులు, చెవి వెనక పెన్సిలు. కంప్యూటరు ఏమీ పెట్టలేదు. టార్చిలైటు పట్టుకుని ఇంజనులోకి చాలాసేపు చూశాడు. తరవాత పొడుగాటి పటకారు లోపలికి పెట్టి, బ్యాటరీ వెనక నుంచి ఏదో మెల్లిగా పైకి తీశాడు.

నల్లగా ఎండిపోయిన అరటితొక్క. అందులో నాలుగు అగరొత్తు పుల్లలు ఇంకా తిన్నగా నిలబడి ఉన్నాయి.

"మేడమ్, యూ ఆల్ ప్రే టు ది ఇంజన్ ఆ?" అన్నాడు. వెక్కిరింత లేదు, తెలుసుకుందామనే అడిగాడు. మా ఆయన పైకప్పు వైపు చూస్తున్నాడు. మెకానిక్ వైరు మీద పంటిగాట్లు చూపించాడు. పండు వాసనకి ఎలుక వచ్చింది. పండు తిన్నది, తియ్యగా ఉందని పక్కనున్న వైరు మీద తొడుగు కూడా కొరికింది. తడి తగిలినప్పుడల్లా అక్కడ షార్టవుతోంది. ఇంతే సంగతి. అరగంటలో వైరు మార్చేశాడు. దీపం ఆరింది. బానెట్ వెయ్యబోతూ ఆగి, "ప్లగ్గులు ఎవరు వేశారు?" అన్నాడు.

"తెలిసినతను. ఏం, తప్పుగా వేశాడా?"

"నో లా. గుడ్ హ్యాండ్. నా దగ్గర పనిచేసే కుర్రాళ్ళు కూడా ఇంత శ్రద్ధగా వెయ్యరు."

సిగ్గుతో చచ్చిపోయాను. అది తప్ప వేరే మాట లేదు. కార్లో కూర్చున్నాక మా ఆయన, "పోనీ, పండు పెట్టింది నేనని చెబుదాం" అన్నాడు. మంచి మనిషి. వద్దన్నాను. ఇంటికి రాగానే గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాను, పండు, ఎలుక, నా నోరు, అన్నీ. మీ ఇంజను శాకాహారా అని ఒకరు, ఎలుక వినాయకుడి వాహనం కనక దాని తప్పు కూడా లేదని ఒకరు. నవ్వితే నవ్వారు. చివర్న ఒకాయన, మరి అతని సంగతేమిటి అని అడిగాడు. దానికి జవాబు గ్రూపులో ఇచ్చేది కాదనుకున్నాను.

ఆదివారం తువాస్ వెళ్ళాం. మర్నాడే సంతకం. దారంతా కారు వెన్నలా నడిచింది, అది చూసి నాకు ఏడుపొచ్చింది. డార్మిటరీ ఎదురుగా కాఫీ షాపు ఉంది. అతను ఆరుగురు ఊరివాళ్ళతో కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. చిక్కిపోయాడు. "పక్కకి వస్తావా" అని అడుగుదామనుకుని మానేశాను. నింద వేసింది నలుగురిలో, మరి ఒప్పుకోవడం మాత్రం చాటుగానా? అక్కడే, అందరి ముందూ చెప్పాను. దసరా నుంచి పటకారు దాకా. తొక్కలో అగరొత్తులు నిలబడి ఉన్నాయన్నప్పుడు వాళ్ళంతా బల్లలు చరిచి నవ్వారు. మెకానిక్ అన్న మాట కూడా చెప్పాను.

అతను నవ్వలేదు. కారు దగ్గరికి నడిచాడు. బానెట్ తియ్యమన్నాడు. నాలుగు ప్లగ్గుల మీదా ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూశాడు. "నేను బిగించినట్టే ఉండయి" అన్నాడు, తనలో తను అనుకున్నట్టు. తరవాత నా వైపు తిరిగాడు.

"మూడు నెలలక్కా. యార్డులో బిగించిన ప్రతి బోల్టూ మళ్ళా మళ్ళా చూసుకుంటా ఉన్నా."

"నన్ను తిట్టు. నాలుగు మాటలు అను. పడతాను."

"మిమ్మల్నేం అంటానక్కా."

"అయితే రేపు సంతకం పెట్టకు."

"పెట్టక ఏం చెయ్యను? షెడ్డు నేనే వదిలెయ్యమన్నాగా. ఎవరికో ఇచ్చేసుంటారు." అని ఫోను తీసి, వాళ్ళావిడకి కలిపి, స్పీకర్ పెట్టి నా చేతికిచ్చాడు. "మీరే చెప్పండి. నేను చెబితే నన్ను నేను ఓదార్చుకుంటన్నా అనుకుంటది."

ముఖం ఎరగని మనిషికి, నడిరోడ్డు మీద, మళ్ళీ మొదట్నుంచి చెప్పాను. ఆవిడ వెనక నుంచి లారీ హారన్లు వినిపిస్తున్నాయి. తప్పు అతనిది కాదమ్మా, నాది అన్నాను.

"అది నాకు తెలుసక్కా" అంది. "దసరా నుంచి చెప్తానే ఉన్నా, నీ చేతికేం కాలేదయ్యా అని. వింటేగా."

"షెడ్డు ఎవరికిచ్చారమ్మా?"

"ఎవరికిస్తా? ఆయన వదిలెయ్యమన్నాడు, నేను సరేనన్నా. అంతే. తాళం నా కాడే ఉంది. ఇప్పుడు ఆడనే ఉన్నా, ఊడుస్తన్నా. బోర్డు గూడా రాయించా."

అతను నా చేతిలోంచి ఫోను లాక్కున్నంత పని చేశాడు. "బోర్డా? ఏం రాయించావు దాని మీద?"

"నీ పేరే" అందావిడ. "ఇంకెవరి పేరు రాయిస్తా?"

అతను ఫోను రెండు చేతులతో పట్టుకుని, మా కారు పక్కనే కాలిబాట గట్టు మీద కూర్చుని, "అయితే ఆ మేకని పంపించెయ్యి" అన్నాడు.